సాంకేతిక సభలు: తిరునాళ్ళూ, గోష్ఠులూ

మన గ్రామాలలో వారానికి ఒకనాడు సంత జరిగేది. సాయంకాలాలలో అరుగులమీద గోష్ఠి జరిగేది. సంతకు వెళ్ళినవాడు సరుకు చూచి, ధర అడిగి, బేరమాడి, కొనవలసినది కొని ఇంటికి వచ్చేవాడు. అరుగుమీద కూర్చున్నవాడు తనకు తెలిసినది చెప్పి, తెలియనిది అడిగి, పొద్దుపోయిన తరువాత లేచేవాడు. సంత లేకపోతే ఊరికి ఉప్పు పప్పులు లేవు. గోష్ఠి లేకపోతే ఊరికి తెలివిడి లేదు. రెండూ ఊరికి అవసరమే. అయితే సంతకు వెళ్ళి గోష్ఠికి వెళ్ళి వచ్చానని ఎవ్వరూ అనుకొనలేదు.

ఈనాటి సాంకేతిక లోకంలో ఈ భేదం మరుగున పడుతున్నది. కంప్యూటర్లు, చరవాణులు, కృత్రిమ మేధ మొదలైన వాటికి సంబంధించి నలుగురు కూడే ప్రతి సందర్భానికీ ‘సదస్సు’ అనే ఒకే పేరు పెడుతున్నాము. ఏటా జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో వినియోగదారుల ఎలక్ట్రానిక్ వస్తువుల మహాప్రదర్శన జరుగుతుంది. బార్సిలోనాలో చరవాణుల పరిశ్రమవారి మహాసభ జరుగుతుంది. ఒక్కొక్కదానికి లక్షకు పైగా జనం వస్తారు. మన హైదరాబాదులోనూ హైటెక్స్ ప్రదర్శనశాల, దాని ప్రక్కనే అంతర్జాతీయ సమావేశ మందిరం వెలసినవి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ సమాచార సాంకేతిక మహాసభ అక్కడే జరిగినది. ఇట్టి సభలు జరిగినప్పుడు పత్రికలలో పుటలు నిండుతవి. మంత్రులు ప్రారంభోపన్యాసాలు చేస్తారు. విద్యార్థులను బస్సులలో తీసుకొనిపోయి చూపించి తీసుకొనివస్తారు.

అదే ఆదివారంనాడు, అదే నగరంలో, ఒక కళాశాల గదిలోనో, ఒక గ్రంథాలయంలోనో ఇరవైమంది కూర్చుని, ఒకరు వ్రాసిన ప్రోగ్రాము ఎందుకు పనిచేయడం లేదో అందరూ కలిసి వెదకుతూ ఉండవచ్చును. దానికి ప్రారంభోత్సవం లేదు, శాలువాలు లేవు, వార్త లేదు. ఈ రెండింటిలో విద్య పుట్టేది ఎక్కడ, పుట్టిన విద్య అమ్ముడుపోయేది ఎక్కడ అనే ప్రశ్నకు గడచిన యాభై సంవత్సరాల చరిత్ర కొంత సమాధానం చెబుతున్నది. పిల్లలకు శాస్త్రం బోధించేవారు ఆ సమాధానాన్ని గమనించవలసిన సమయం వచ్చినది.

గారేజిలో పుట్టిన గోష్ఠి

1975 జనవరి నాటి ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ అనే అమెరికన్ పత్రిక ముఖపత్రంమీద ‘ఆల్టెయిర్ 8800’ అనే యంత్రం కనబడినది. విడిభాగాలుగా కొంటే దాని వెల 397 డాలర్లు. కొన్నవాడే భాగాలను అతికి, అమర్చుకొనవలెను. అంతవరకు కంప్యూటరు అంటే విశ్వవిద్యాలయానికో, బ్యాంకుకో, సైన్యానికో చెందిన వస్తువు, సామాన్యునికి అందనిది. ఈ కొత్త యంత్రానికి తెర లేదు, అక్షరాలు కొట్టే మీటల పలక లేదు. ముందువైపున చిన్న స్విచ్చులూ, మినుకుమనే దీపాలూ మాత్రమే ఉన్నవి. దానిని ఇంటిలో పెట్టుకొని ఏమి చేయవచ్చునో అమ్మినవారికీ సరిగా తెలియదు, కొన్నవారికీ తెలియదు.

ఆ తెలియనితనమే కొందరిని ఒకచోట చేర్చినది. ఆ సంవత్సరం మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లోపార్కు అనే ఊరిలో, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి గారేజిలో, అనగా మోటారుకారు నిలుపుకొనే కొట్టంలో, సుమారు ముప్పదిమంది సమావేశమైనారు. ఫ్రెంచ్‌తో కలిసి వారిని పిలిచినవారు ఫ్రెడ్ మూర్. ఆ కూటమికి తరువాత ‘హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు’ అనే పేరు వచ్చినది. సభ్యులు పెరిగేకొద్దీ కొట్టం చాలక, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధనాలయపు సభామందిరానికి మారినారు.

ఆ సభ నడిచిన తీరు గమనింపదగినది. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఇంజనీరు సభను నడిపించేవారు. మొదటి భాగంలో, కోరినవారు లేచి తాము ఏమి చేస్తున్నారో, తమకు ఏమి కావలెనో, తాము ఏమి ఇవ్వగలరో క్లుప్తంగా చెప్పేవారు. రెండవ భాగంలో సభ విడిపోయి, ఎవరికి ఎవరితో పని ఉన్నదో వారు వారిని వెదకికొని మాట్లాడుకొనేవారు. ఈ రెండవ భాగానికి అధ్యక్షుడు లేడు, కార్యక్రమ పత్రం లేదు. అసలు పని అంతా అక్కడే జరిగేది.

ఆ తొలి సంవత్సరంలోనే, ఒక పాఠశాలలో జరిగిన సమావేశానికి స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు తన ఆల్టెయిర్ యంత్రాన్ని మోసుకొనివచ్చి, దాని ప్రక్కన ఒక చిన్న రేడియో పెట్టాడు. యంత్రంలోని విద్యుత్ కదలికలకు రేడియోలో గరగర శబ్దం పుట్టడం అతడు అంతకుముందే కనిపెట్టాడు. ఏ ఆజ్ఞకు ఏ స్వరం వస్తున్నదో కూర్చుకొని, యంత్రంచేత ఒక పాట పాడించాడు. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఆ పాటను ఎవరూ కొనరు. కాని ఎందుకూ పనికిరాదనుకొన్న పెట్టెచేత ఏదో ఒకటి చేయించవచ్చునని ఆనాడు అందరికీ రుజువైనది.

ఆ క్లబ్బు మొదటి సమావేశానికి వచ్చినవారిలో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో పనిచేస్తున్న స్టీవ్ వాజ్నియాక్ అనే యువకుడు ఒకడు. ఆనాడు అక్కడ పంచిపెట్టిన ఒక సాంకేతిక పత్రాన్ని ఇంటికి తీసుకొనిపోయి చదివిన తరువాతనే తన సొంత కంప్యూటరు రూపం మనసులో మెదలినదని అతడు తరువాత చెప్పుకొన్నాడు. కట్టుతున్న యంత్రాన్ని కట్టుతున్నట్టే క్లబ్బుకు తెచ్చి చూపేవాడు. దాని నిర్మాణపటాలను అడిగినవారికి ఉచితంగా ఇచ్చేవాడు. అదే 1976లో ‘ఆపిల్ 1’గా వెలువడినది. స్నేహితుడు స్టీవ్ జాబ్స్ దానిని అమ్మే బాధ్యత వహించాడు. తరువాతి కథ లోకమంతా ఎరుగును.

ఇది ఆ గారేజిలో ఎందుకు జరిగినది? పెద్ద కంపెనీలకు ధనం కొరత లేదు, ఇంజనీర్ల కొరత లేదు. కారణం వెదకితే సభ స్వభావంలోనే కనబడుతుంది. అక్కడ సగం తయారైన వస్తువును చూపడం సిగ్గుపడవలసిన పని కాదు. పనిచేయనిదానిని తెచ్చినవానికే ఎక్కువమంది సాయపడేవారు. ఈనాడు ప్రశ్న అడిగినవాడు పదిహేను దినాల తరువాత సమాధానం చెప్పేవాడయ్యేవాడు. ఎవరి స్థానమూ స్థిరం కాదు. ఆ వేదికమీద నిలబడడానికి ఎవ్వరూ అద్దె చెల్లించలేదు కనుక, తన వస్తువులోని లోపాన్ని దాచవలసిన అగత్యం ఎవ్వరికీ లేదు.

తిరునాళ్ళ లెక్కలు

ఇట్టి గోష్ఠి పెరిగితే తిరునాళ్ళు కాక తప్పదు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్’ అనే ప్రదర్శన జరిగినది. దానిని ఏర్పాటు చేసిన జిమ్ వారెన్ ఆ బృందాలలో మెలగినవారే. పదమూడు వేలకు చేరువగా జనం వచ్చినారు. ‘ఆపిల్ 2’ లోకానికి పరిచయమైనది అక్కడనే. క్లబ్బులో పుట్టినదానికి కొనేవారిని చూపినది ప్రదర్శన. ఈ మేలును కాదనడం న్యాయం కాదు.

రెండు సంవత్సరాల తరువాత, 1979లో, లాస్ వేగాస్‌లో ‘కామ్‌డెక్స్’ ఆరంభమైనది. ఇది కంప్యూటర్లు తయారుచేసేవారినీ, దుకాణదారులనూ కలిపే వర్తక ప్రదర్శన. దీని నిర్వాహకులలో ముఖ్యులు షెల్డన్ ఆడెల్సన్. ఆయన కంప్యూటరు తయారుచేసినవారు కాదు, ప్రోగ్రాము వ్రాసినవారు కాదు. ప్రదర్శనశాలలో స్థలాన్ని అద్దెకు తీసుకొని, దానిని ముక్కలు చేసి, ఎన్నో రెట్లు ఎక్కువ అద్దెకు కంపెనీలకు ఇచ్చేవారు. మొదటి సంవత్సరం నాలుగు వేలమంది కూడా రాని ఆ ప్రదర్శనకు తరువాత తరువాత రెండు లక్షలమంది రాసాగారు. 1995లో దానిని జపాను దేశపు సాఫ్ట్‌బ్యాంకు సంస్థకు 86 కోట్ల డాలర్లకు పైగా అమ్మివేసినారు. అక్కడ అమ్ముడుపోయిన సరుకు ఏది? యంత్రం కాదు, విద్య కాదు. ఏటా ఫలాని వారంలో ఫలాని చోటికి జనం వస్తారనే వాడుక.

ఈ లెక్కను విద్యార్థులు బాగుగా అర్థం చేసుకొనవలెను. వర్తక ప్రదర్శనలో స్టాలుకు చదరపు గజాల లెక్కన అద్దె ఉంటుంది. ఆ పైన ‘వెండి’, ‘బంగారం’, ‘ప్లాటినం’ అని పోషకుల తరగతులు ఉంటవి. అనేక సభలలో, ఎక్కువ ఇచ్చినవారికి ప్రధాన వేదికమీద మాట్లాడే అవకాశం కూడా ఆ మొత్తంలోనే చేరి ఉంటుంది. ప్రవేశించేవారి మెడలో వేసే చీటీమీద గీతల గుర్తు ఒకటి ఉంటుంది. స్టాలులోనివారు దానిని ఒక పరికరంతో తాకించగానే, వచ్చినవారి పేరూ, ఉద్యోగమూ, చిరునామా వారి లెక్కలోకి ఎక్కుతవి. ప్రవేశం ఉచితమని సంతోషించి లోపలికి వెళ్ళినవాడు తాను సంతకు కొనడానికి వచ్చాననుకొంటాడు. అతని చిరునామాయే అక్కడ సరుకు. ఇందులో మోసమేమీ లేదు. వర్తకం అట్లే నడుస్తుంది. కాని ధనం ఎటునుంచి వస్తున్నదో తెలిస్తే, వేదికమీది మాట ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. స్థలానికి లక్షలు చెల్లించినవాడు తన యంత్రం ఎక్కడ విఫలమైనదో ఆ స్థలంలో నిలబడి చెబుతాడని ఆశించరాదు.

ఈ తిరునాళ్ళు చూపులకు ఎంత బలంగా ఉన్నా, కూలినప్పుడు ఎంత త్వరగా కూలుతవో కూడా చరిత్ర చూపినది. రెండు లక్షల జనాన్ని చూచిన కామ్‌డెక్స్ 2003 నవంబరు తరువాత లాస్ వేగాస్‌లో మళ్ళీ జరుగలేదు. జర్మనీలోని హనోవరులో 1986 నుంచి ప్రత్యేకంగా జరిగిన ‘సెబిట్’ ప్రదర్శనకు 2001 ప్రాంతంలో ఎనిమిది లక్షలకు పైగా జనం వచ్చినారు. 2018లో అది మూతపడినది. కంప్యూటరు క్రీడల పరిశ్రమకు 1995 నుంచి మహోత్సవంగా ఉన్న ‘ఇ3’ ముగిసినదని 2023 డిసెంబరులో ప్రకటించినారు.

కారణాలు అనేకం ఉన్నవి: ఆర్థిక మాంద్యాలు, పోటీ ప్రదర్శనలు, చివరకు 2020 నాటి మహమ్మారి. కాని అన్నిటికీ అడుగున ఒక కారణం ఉన్నది. పెద్ద కంపెనీలు తమ కొత్త వస్తువులను తమ సొంత సభలలో, తమ సొంత వేదికలమీద ప్రకటించుకొనడం నేర్చుకొన్నవి. లోకమంతా ఇంటినుంచే ఆ ప్రకటన చూడగలిగినప్పుడు, ప్రదర్శనశాలలో గజాలకొద్దీ స్థలానికి అద్దె కట్టడం ఎందుకని లెక్క వేసుకొన్నవి. అద్దె చెల్లించేవారు పదిమంది తప్పుకొంటే ప్రదర్శన కూలుతుంది. లక్షలమంది ప్రేక్షకులు ఉండి కూడా దానిని నిలుపలేరు. ఏలనన, ఆ సభ ఏనాడూ వారిది కాదు.

విరామంలో దొరికిన విద్య

పెద్ద సభల ఈ లోపాన్ని ఆ సభలు నడిపినవారే మొదట గ్రహించడం విశేషం. అమెరికాలో హారిసన్ ఓవెన్ అనే ఆయన సంవత్సరంపాటు శ్రమించి ఒక అంతర్జాతీయ సభను ఏర్పాటు చేశారు. సభ ముగిసిన తరువాత వచ్చినవారిని విచారిస్తే, ఉపన్యాసాల మధ్య కాఫీ త్రాగిన సమయమే అన్నిటికంటె బాగున్నదని చెప్పినారు. ఆయన చిన్నబుచ్చుకొనలేదు. అట్లయితే సభనంతా కాఫీ విరామంగా చేస్తే ఏమవుతుందని ఆలోచించారు. 1985 నుంచి ఆయన ప్రచారం చేసిన పద్ధతిలో కుర్చీలు వలయాకారంగా ఉంటవి. గోడమీద ఖాళీ పట్టిక ఉంటుంది. మాట్లాడదలచినవాడు తన విషయాన్ని కాగితంమీద వ్రాసి అక్కడ అంటిస్తాడు. ఇష్టమైనవారు ఆ మూలకు చేరుతారు. ఎక్కడ తనకు నేర్చుకొనేదిగాని, నేర్పేదిగాని లేదని తోచినదో అక్కడినుంచి లేచిపోవడం ఆ సభలో అమర్యాద కాదు, అదే నియమం.

2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు యువకులు ఈ పద్ధతిలోనే ‘బార్‌క్యాంప్’ అనే సమావేశాన్ని జరిపినారు. అప్పటికి రెండేళ్ళుగా ఓరైలీ అనే ప్రచురణ సంస్థ ఆహ్వానితులకు మాత్రమే ఒక గోష్ఠి జరుపుతున్నది. ఆహ్వానం లేనివారు కూడా కూడి మాట్లాడుకొనవచ్చును గదా అనే ఆలోచననుంచి ఇది పుట్టినది. వారంరోజుల లోపల ఏర్పాట్లు పూర్తి అయినవి. ప్రేక్షకులుగా ఎవ్వరూ రారాదు, వచ్చినవారందరూ ఏదో ఒకటి చెప్పవలెను, చేయవలెను అనేది దాని కట్టుబాటు. ఎవరైనా, ఎక్కడైనా అదే పేరుతో జరుపుకొనవచ్చునని వదలివేయడంతో అది కొద్దికాలంలోనే అనేక దేశాల నగరాలకు వ్యాపించినది. మన దేశానికీ వచ్చినది.

ఈ రెండు ఉదాహరణలలో చిన్న సభలకు సంబంధించిన ఒక చిక్కు కూడా దాగి ఉన్నది. ఓరైలీవారి గోష్ఠి చిన్నదే. కాని దాని ద్వారం మూసి ఉన్నది. చిన్నతనం వేరు, తెరచి ఉండడం వేరు. పరిచయస్థులే కూడి, పరిచయస్థులకే చెప్పుకొని, కొత్తవాడు వస్తే వానికి అర్థంకాని పరిభాషలో మాట్లాడే చిన్న సభ మహా ప్రదర్శనకంటె కూడా అన్యాయం చేయవచ్చును. ప్రదర్శనలో టిక్కెట్టు కొన్నవాని ముఖం ఎవ్వరూ చూడరు. చిన్న గదిలో చూపులతోనే వెలివేయవచ్చును. హోంబ్రూ క్లబ్బులో కూడా వచ్చినవారు దాదాపు అందరూ పురుషులే.

మరొక చిక్కు ధనానికి సంబంధించినది. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అనే యువకుడు, తానూ తన మిత్రులూ ఆల్టెయిర్ కోసం వ్రాసిన ప్రోగ్రామును క్లబ్బులవారు డబ్బివ్వకుండా నకళ్ళు తీసుకొంటున్నారని బహిరంగ లేఖ వ్రాశాడు. హోంబ్రూ క్లబ్బు తన సమాచారపత్రంలో దానిని ప్రచురించినది. పంచుకొనడం పుణ్యమే, పంచుకొన్నది ఎవరి శ్రమ అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆ క్లబ్బు 1986 చివర ముగిసినది. చిన్న గోష్ఠులలో అధిక భాగం ఇంకా త్వరగా ముగుస్తవి. కుర్చీలు వేసేవాడు, తాళంచెవి తెచ్చేవాడు, తరువాతి సమావేశానికి కబురు పెట్టేవాడు సాధారణంగా ఒక్కడే ఉంటాడు. అతడు అలసిపోయిననాడు గోష్ఠి ఆగిపోతుంది.

సంఖ్య కాదు, స్వభావం

కనుక పెద్దదంతా చెడ్డదనీ, చిన్నదంతా మంచిదనీ తీర్పు చెప్పడం తొందరపాటు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వేయిమంది ఎదుట డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నరసేపు చేసిన ప్రదర్శనలో ఈనాడు మనం వాడుతున్న మౌసు, ఒక మాటనుంచి మరొక మాటకు దారి తీసే లంకెలు, దూరాన ఉన్నవారి ముఖం తెరమీద చూస్తూ కలిసి పనిచేయడం, అన్నీ కనబడినవి. అది పెద్ద సభయే. అయితే అది వృత్తి సంఘాలవారి సభ. ఆ వేదికమీదికి ఆయనను తెచ్చినది ఆయన పరిశోధన.

అంతర్జాల నియమాలను రూపొందించే ఇంజనీర్ల కార్యదళం 1986 జనవరిలో శాన్‌డియాగోలో 21 మందితో ఆరంభమైనది. ఈనాడు ఆ సమావేశాలకు వేయిమందికి పైగా వస్తారు. అయినా అక్కడ కంపెనీలకు ఓట్లు లేవు. అసలు ఓటింగే లేదు. ఒక ప్రతిపాదన నచ్చినవారిని నోరు విప్పకుండా ‘ఊఁ’ అని హూంకరించమంటారు. తరువాత నచ్చనివారిని హూంకరించమంటారు. సభ మొగ్గు ఎటు ఉన్నదో అధ్యక్షుడు అంచనా కట్టుతాడు. తేలకపోతే మళ్ళీ చర్చ. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని విశ్వవిద్యాలయంలో 2001 నుంచి జరుగుతున్న ‘ఫాస్‌డెమ్’ సమావేశానికి వేలమంది వస్తారు. ప్రవేశ రుసుము లేదు, పేరు నమోదు కూడా లేదు. ఒక్కొక్క గదిని ఒక్కొక్క విషయంలో పనిచేసేవారు తామే నడుపుకొంటారు. ఖర్చుకు విరాళాలు తీసుకొంటారు. పని అంతా స్వచ్ఛంద సేవకులు చేస్తారు. వందల చిన్న గోష్ఠులను ఒకే ఆవరణలో చేర్చినట్టుగా ఉంటుంది. మన దేశంలో 2009లో బెంగుళూరులో ఆరంభమై, తరువాత హైదరాబాదులోనూ జరిగిన ‘పైకాన్ ఇండియా’ కూడా స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నదే.

ఏ సభకు వెళ్ళినా దాని స్వభావం తెలుసుకొనడానికి మూడు ప్రశ్నలు చాలును. ఇక్కడ మాట్లాడేవానికి ఆ అవకాశం ఎట్లా వచ్చినది? పూర్తికాని పనిని ఇక్కడ చూపవచ్చునా? వచ్చినవాడు మళ్ళీ వచ్చేటప్పటికి మాట్లాడేవాడు కాగలడా? ఈ మూడింటికీ సరియైన సమాధానం దొరికితే పదివేలమంది ఉన్నా అది గోష్ఠియే. దొరకకపోతే పదిమంది ఉన్నా అది అంగడియే.

మన పాఠశాలలలో

ఈ చర్చ లాస్ వేగాస్‌కూ, బ్రస్సెల్స్‌కూ మాత్రమే చెందినదని అనుకొనరాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది.  అందులో అమ్మవలసినది లేదు. పని ఎవరి ఇంట్లో వారు చేసుకొన్నదే అయినా, హైదరాబాదులో ఆ సభ్యులు నెలనెలా కలుసుకొనేవారు. కొంతకాలం ఆబిడ్స్ ప్రాంతంలో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ భవనం వారికి తావైనది. ఒక ఇంజనీరూ, ఒక ఉపాధ్యాయుడూ, ఒక విద్యార్థీ ఒక బల్లవద్ద కూర్చుని, తమ ఊరిని గురించి తెలుగులో నాలుగు వాక్యాలు ఎట్లా చేర్చవలెనో చూచుకొనే ఇట్టి సమావేశాలకు ఖర్చు అయ్యేది టీ డబ్బులే. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు మనం వాటిని లెక్కపెట్టకుండా ఉన్నాము.

ఇప్పుడు పాఠశాలల సంగతి. కేంద్రప్రభుత్వం 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం క్రింద ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం అందుతుంది. 6వ తరగతినుంచి 12వ తరగతి వరకు పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూడడం దీని ఉద్దేశం. దేశంలో సుమారు 10,000 పాఠశాలలలో ఇవి ఏర్పడినవి. వచ్చే ఐదు సంవత్సరాలలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించినారు. ‘ఇన్‌స్పైర్ మానక్’ పథకం క్రింద ఎంపికైన విద్యార్థి ఆలోచనకు 10,000 రూపాయలు ఇచ్చి, జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలకు పంపే ఏర్పాటు కూడా ఉన్నది.

ఉద్దేశాలు ఉత్తమమైనవి. ఈ ధనంతో మన పాఠశాలలలో గోష్ఠులు పుడతవా, స్టాలులు పుడతవా అనేది మాత్రం ఉపాధ్యాయులమీద ఆధారపడి ఉన్నది. ప్రదర్శన తేదీ దగ్గర పడగానే బజారులో సిద్ధంగా దొరికే నమూనాను కొని, విద్యార్థిచేత నాలుగు ఇంగ్లీషు వాక్యాలు కంఠస్థం చేయించి, బల్లవెనుక నిలబెట్టడం ఉపాధ్యాయులకు తెలియని రహస్యం కాదు. అధికారి వచ్చి ‘ఇది ఎట్లా పనిచేస్తుంది?’ అని అడిగితే పిల్లవాడు చెప్పగలడు. ‘ఇది ఎక్కడ పనిచేయలేదు?’ అని అడిగితే చెప్పలేడు. ఎందుకంటే అతని చేతిలో అది ఎన్నడూ చెడిపోలేదు. ఆ పిల్లవాడు పదేళ్ళ వయస్సులోనే వర్తకుని పక్కన నిలబడే ప్రతినిధిగా తయారవుతున్నాడు. అతనికి బహుమతి వచ్చినా నష్టం నష్టమే.

ఇందుకు మారు మార్గం ఖర్చుతో కూడినది కాదు. శనివారం చివరి గంటలో ప్రయోగశాల తాళం తీసి ఉంచవచ్చును. ఎవరైనా సరే, చెడిపోయిన టార్చిలైటు గాని, వెలగని దీపం గాని, తప్పు సమాధానమిచ్చే ప్రోగ్రాము గాని తేవచ్చునని చెప్పవచ్చును. తెచ్చినవాడు మొదట ఏమి చేశాడో, ఎక్కడ ఆగిపోయాడో చెప్పవలెను; మిగిలినవారు అడుగవలెను. ఉపాధ్యాయుడు కూడా తనకు తెలియనిచోట తెలియదని చెప్పి, వారితోపాటు వెదకవలెను. ఆడపిల్లలూ, తెలుగు తప్ప మరొక భాష రానివారూ వెనుకవరుసలో మిగిలిపోకుండా చూడవలెను. తాళంచెవి బాధ్యత ప్రతినెలా వేర్వేరు విద్యార్థులకు అప్పగిస్తే, ఉపాధ్యాయునికి బదిలీ అయినా ఆ గోష్ఠి నిలుస్తుంది. చిన్న సభలు ఎక్కడ చచ్చిపోతున్నవో పైన చూచాము. మందు కూడా అక్కడే వేయవలెను.

ప్రదర్శనలకు పిల్లలను తీసుకొనిపోవద్దని దీని అర్థం కాదు. హైటెక్స్‌లో యంత్రాలను చూచిన పిల్లవానికి కన్ను తెరుచుకొంటుంది. లోకం ఎంత దూరం వచ్చినదో తెలుస్తుంది. కాని వెళ్ళేముందు అడుగవలసిన ప్రశ్నలు వ్రాసుకొని వెళ్ళవలెను. తిరిగి వచ్చిన తరువాత, అక్కడ స్టాలులోనివారు ఏ ప్రశ్నకు సమాధానం దాటవేశారో శనివారపు గోష్ఠిలో చర్చించవలెను. ఆ విధంగా తిరునాళ్ళు కూడా పాఠమవుతుంది.

రాబోయే ఐదేళ్ళలో వేలకొలది పాఠశాలలకు కొత్త పరికరాల పెట్టెలు చేరబోతున్నవి. అందులో మన తెలుగు జిల్లాల పాఠశాలలూ ఉండవలసినవే. వాటిని ప్రారంభించడానికి రిబ్బను కత్తిరించేవారు తప్పక వస్తారు. మరుసటి శనివారం సాయంకాలం ఆ గది తాళం ఎవరి చేతిలో ఉంటుందో ఇప్పుడే నిర్ణయించుకొనడం మంచిది.